చెక్కకి సైన్సేటి అన్న మీ నాన్నగారి మాట గురించి

అమ్మా, నీ ప్రశ్న చూశాను. రాజాం దగ్గర ఊరు, నాన్నగారు వడ్రంగి మేస్త్రి, నువ్వు బోటనీ, కెమిస్ట్రీలతో బీఎస్సీ రెండో ఏడాది. వుడ్ సైంటిస్టు అనే ఉద్యోగం ఒకటుందని ఎక్కడో విన్నావు. వాళ్ళు రోజంతా ఏం చేస్తారు, ఆ జీవితం ఎలా ఉంటుంది, అది తిండి పెడుతుందా అని అడిగావు. ఇంట్లో చెబితే నాన్నగారు నవ్వి, "చెక్కకి సైన్సేటమ్మా, రంపం ఎడితే అదే సెప్తాది" అన్నారని కూడా రాశావు. నాకు ఆ మాట నచ్చింది. చాలా ఏళ్ళ కిందట ఒక మేస్త్రి నాతో ఇలాంటి మాటే అన్నాడు. నేను వినలేదు. అందుకు మా చెల్లెలు ఇప్పటికీ నన్ను దెప్పుతుంది. ఆ కథ కాసేపట్లో చెప్తాను.

నా సంగతి రెండు ముక్కల్లో. పుట్టింది బొబ్బిలి దగ్గర. బీఎస్సీ అయ్యాక డెహ్రాడూన్ వెళ్ళి చదివాను. ఆ తర్వాత ఉద్యోగమంతా కలప పరీక్షలతోనే గడిచిపోయింది. ఇప్పుడు రిటైరై విజయనగరంలో ఉంటున్నాను.

ముందు ఒక భ్రమ తీసేస్తాను. చెట్లంటే ప్రాణం కాబట్టి ఈ చదువు చదువుతానంటే వద్దు. అడవుల్లో తిరగాలని ఉంటే ఫారెస్టు ఆఫీసరు పరీక్ష రాసుకో. మా పని చెట్టు నేల మీద పడ్డాక మొదలవుతుంది. అందులో తొంభై పాళ్ళు కోయడం, తూచడం, ఆరబెట్టడం, మళ్ళీ తూచడం. నేను చేరిన మొదటి వారం నాకు అప్పజెప్పిన పని సబ్బుబిళ్ళంత నల్లమద్ది ముక్కలు అరవై. ఒక్కోదాని మీద పెన్సిలుతో నంబరు. తూచి పుస్తకంలో రాయడం, 103 డిగ్రీల ఓవెన్‌లో పెట్టడం, కొన్ని గంటలకోసారి తీసి చల్లార్చి మళ్ళీ తూచడం. రెండు తూకాల మధ్య తేడా లేకుండా పోయేదాకా ఇదే. ఆ అరవైలో ఒకటి నాకు ఇప్పటికీ గుర్తే. పెట్టేటప్పుడు 86 గ్రాములు, తీసేటప్పుడు 62. అంటే నీళ్ళు 24 గ్రాములు. దాన్ని పచ్చి బరువుతో కాదు, ఎండిన బరువుతో భాగించాలి. 24ని 62తో భాగిస్తే సుమారు 39 శాతం తేమ. ఎండు బరువుతో భాగిస్తాం కాబట్టే బూరుగు లాంటి తేలిక చెక్కల్లో తేమ నూరు శాతం దాటుతుంది. మొదటిసారి ఆ లెక్క వచ్చినప్పుడు తప్పు చేశాననుకుని మూడుసార్లు తూచాను. పక్కనున్న సీనియర్ నవ్వి టీకి తీసుకెళ్ళాడు.

ఇదంతా విసుగు అనిపిస్తే ఇక్కడితో చదవడం ఆపేయొచ్చు. అనిపించకపోతే, అసలు రుచి ఇకముందే ఉంది.

చెక్క గురించి తెలియాల్సిన విషయాల్లో సగం నీళ్ళ గురించే. చెక్క అంటే సన్నటి గొట్టాల కట్ట అనుకో. నీళ్ళు రెండు చోట్ల ఉంటాయి. గొట్టం బోలులో కొన్ని, గొట్టం గోడలోకి ఇంకి కొన్ని. పచ్చి దుంగ ఆరేటప్పుడు ముందు బోలులో నీళ్ళు పోతాయి. అంతసేపూ దుంగ బరువు తగ్గుతుందే గాని కొలత మారదు. తేమ సుమారు 30 శాతానికి దిగేసరికి బోలు ఖాళీ అయిపోతుంది, గోడలు మాత్రం నిండుగా ఉంటాయి. అక్కణ్ణుంచి గోడల్లోని నీళ్ళు వదలడం మొదలవుతుంది, చెక్క కుదించుకోవడమూ అప్పుడే మొదలవుతుంది. ఆ కుదింపు అన్ని వైపులా ఒకేలా ఉండదు. పొడుగునా దాదాపు సున్నా. మాను నడిమి నుంచి బెరడు వైపు కొంత. వలయాల చుట్టూ తిరిగే వైపు దానికి రెట్టింపు. టేకులో పచ్చి నుంచి పూర్తిగా ఎండేదాకా ఒక వైపు రెండున్నర శాతం కుదించుకుంటే, ఇంకో వైపు ఆరు శాతానికి దగ్గరగా వస్తుంది. గుండ్రటి దుంగ ఆరితే బెరడు నుంచి నడిమికి బీట ఎందుకు పడుతుందో, పలక ఎందుకు దోనెలా వంగుతుందో ఈ ఒక్క తేడాతో అర్థమైపోతుంది.

లెక్కగా చూడు. వలయాల చుట్టూ తిరిగే వైపే వెడల్పు వచ్చేలా తీసిన టేకు పలక, వెడల్పు పది అంగుళాలు. 20 శాతం తేమతో బిగించారు, ఇంట్లో కొన్ని నెలలుండి 14కి దిగింది. ఆ పలక దాదాపు 3 మిల్లీమీటర్లు సన్నబడుతుంది. తలుపు సందులోంచి వెలుతురు కనబడటానికి మూడు మిల్లీమీటర్లు చాలు. టేకే ఇంత చేస్తే మామిడి పలక సంగతి మీ నాన్నగారినే అడుగు.

ఇప్పుడు మా చెల్లెలి కథ. పార్వతీపురంలో వాళ్ళు ఇల్లు కట్టుకుంటున్నారు. ద్వారబంధాలకి నల్లమద్ది తెప్పించారు, అయిదంగుళాలు, మూడంగుళాల సైజు. నేను అప్పుడే ఉద్యోగంలో కుదురుకున్నాను, జేబులో కొత్త తేమ మీటరు. సూదులు రెండు చెక్కలో గుచ్చితే తెర మీద అంకె చూపిస్తుంది. అప్పట్లో మన ఊళ్ళలో అదో వింత. చుట్టుపక్కల వాళ్ళు పది మంది చేరారు. గుచ్చాను. 14 శాతం. "బాగా ఆరింది, బిగించేయండి" అన్నాను. మేస్త్రి మాట్లాడలేదు. దూలానికి ఒక కొసన చెయ్యి వేసి ఎత్తి చూశాడు. బొటనవేలి కణుపుతో అక్కడక్కడ కొట్టి విన్నాడు. కొసన చిత్రిక పట్టి వచ్చిన పొట్టుని వేళ్ళతో నలిపి, వాసన చూశాడు. "లోపల పచ్చుంది బాబూ. ఈ ఏడు వద్దు" అన్నాడు. మీటరు చూపిస్తుంటే ఇంకా ఎందుకయ్యా నీ అనుమానం అన్నాను. మా బావ నా వైపే నిలబడ్డాడు, గృహప్రవేశం ముహూర్తం దగ్గర పడిందాయె.

మే నెలలో బిగించారు. సంక్రాంతి నాటికి ఎడమ నిలువు మెలి తిరిగి తలుపు పడటం మానేసింది. గొళ్ళెం పట్టాలంటే మనిషి భుజంతో తొయ్యాలి. జరిగిందేమిటంటే, సూదుల మీటరు సూదులు దిగినంత లోతే చదువుతుంది. ఆ రోజుల్లో నా దగ్గరున్న సూదులు గట్టిగా పావు అంగుళం దిగేవి. మూడంగుళాల దూలంలో పైపొర ఎండకి ఆరి ఉంది, నడుమ పచ్చిగానే ఉంది. మీటరు అబద్ధం చెప్పలేదు. నేనే దాన్ని అడగకూడని ప్రశ్న అడిగాను. మేస్త్రి ఎత్తి చూసినప్పుడు మొత్తం దూలాన్ని తూచాడు. కొట్టి విన్నప్పుడు లోపలి దాకా విన్నాడు. లేబొరేటరీలో మేం చేసేదీ ఇదే. దుంగకి ఒక కొసన చిన్న దెబ్బ వేసి, ఆ కంపనం రెండో కొసకి ఎన్ని మైక్రోసెకండ్లలో చేరిందో పరికరంతో కొలుస్తాం. చెక్క పొడుగునా శబ్దం సెకనుకి మూడున్నర వేల నుంచి ఐదు వేల మీటర్ల దాకా పరుగెడుతుంది, గాలిలో కంటే పది రెట్లు పైమాటే. పుచ్చు ఉన్నా, పచ్చిగా ఉన్నా ఆ వేగం పడిపోతుంది. ఇంకో సంగతి, ఆ మీటరు నా దగ్గర ఇంకా ఉంది. దాన్ని చూసినప్పుడల్లా మా చెల్లెలు "అన్నయ్యా, ఈ గుమ్మం ఎంత శాతమో సెప్పు" అంటుంది.

దీన్ని విని మీ నాన్నగారు మీసం తిప్పితే, ఆయనకి ఈ తర్వాతి సంగతి కూడా చదివి వినిపించు. మేస్త్రులందరూ ఒప్పనుకునేదే, మన భాష కూడా ఒప్పనుకునేదే, కాని తప్పు. చేవ అంటే బలం అనుకుంటాం. చేవ చచ్చినోడు, చేవ ఉన్న మాట అంటాం. మాను నడుమ ముదురు రంగులో ఉండే చెక్క గట్టిది, చుట్టూ ఉన్న తెల్లచెక్క మెత్తనిది అని మనందరి నమ్మకం. అదే మానులోంచి తెల్లచెక్క ముక్క, చేవ ముక్క ఒకే సైజులో కోసి, ఒకే తేమకి ఆరబెట్టి, యంత్రంలో వంచి విరిచి చూస్తే చాలా జాతుల్లో పెద్ద తేడా రాదు. నేను ఎన్ని వందల ముక్కలు విరిచి ఉంటానో లెక్క లేదు. చేవ అసలు ఏమిటంటే, చెట్టు నీళ్ళు మోయడం మానేసిన పాత చెక్క. కణాలు చచ్చిపోతూ తమలో రంగులు, నూనెలు, జిగురులు, చేదు పదార్థాలు నింపి పోతాయి. అవి చెదకీ బూజుకీ పడవు. తెల్లచెక్కలో పిండి, చక్కెర ఉంటాయి, పురుగుకి అది పండుగ భోజనం. కాబట్టి చేవ ఇచ్చేది మన్నిక, బలం కాదు. అలా అని తెల్లచెక్క వదిలేయాలనీ కాదు. వెదురునీ తాటి దూలాలనీ మన ఊళ్ళలో చెరువులో నానబెట్టి వాడేవారు కదా, ఆ నానడంలో పిండి పదార్థం కొట్టుకుపోతుంది, పుచ్చు తగ్గుతుంది. ఆ తాతల పద్ధతికి మా దగ్గర పూర్తి మార్కులు. అమావాస్య నాడు నరకాలన్నదానికి మాత్రం ఇవ్వను. చెట్టులో పిండి నిల్వ ఋతువుని బట్టి మారుతుంది, చూసుకోవాల్సింది ఋతువు.

ఈ మన్నిక ఎలా తేలుస్తారో చెప్తాను, మా జీవితం ఎలాంటిదో దాంతో తెలుస్తుంది. చెద బాగా ఉన్న నేల ఒకటి చూసుకుని, రెండడుగుల పొడవు, రెండంగుళాల మందం ఉన్న కర్రల్ని వరసలుగా సగం దాకా పాతుతాం. ఏటా ఒకసారి పీకి, ఎంత తినేసిందో చూసి మార్కులు వేసి మళ్ళీ పాతేస్తాం. సగటున 120 నెలలు దాటి నిలిచిన జాతి మొదటి తరగతి, 60 నుంచి 120 నెలలైతే రెండోది, 60 లోపు మూడోది. ఇంగ్లీషులో దీన్ని గ్రేవ్‌యార్డ్ టెస్ట్ అంటారు. ఇంటికి ఫోన్ చేసి రేపు వల్లకాటి పని ఉందంటే మా అమ్మ ఒక రోజంతా అన్నం తినలేదు. నేను మొదటిసారి పీకిన కర్రలు నాకు ముందు ఒకాయన పాతి రిటైరైనవి. నేను పాతిన వాటి ఫలితం నా తర్వాతి వాళ్ళు రాశారు. ఏడాదికి ఒక పేపరు, రెండేళ్ళకి ఒక ప్రమోషను అని లెక్కలు వేసుకునేవాళ్ళకి ఇక్కడ ఊపిరాడదు.

ఈ మన్నిక కథలో మనవాడు ఒకడున్నాడని నీకు ఎవరూ చెప్పి ఉండరు. శొంఠి కామేశం. ఇంటిపేరు చూస్తేనే తెలుస్తుంది. డెహ్రాడూన్ ఫారెస్ట్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్‌లో పనిచేస్తూ 1933లో ఆయన రాగి, క్రోమియం, ఆర్సెనిక్ కలిపి చెక్కకి పట్టించే మందు కనిపెట్టాడు. అంతకు ముందు కూడా రాగి లవణాలు, పాషాణం (అంటే ఆర్సెనిక్) వాడేవారు గాని అవి నీళ్ళలో కరిగేవి కదా, నాలుగు వానలకి కారిపోయేవి. కామేశం మందులో క్రోమియం చేసే పని ఆ రెండింటినీ చెక్క గోడలకి అంటగట్టడం. రాగి బూజుని చంపుతుంది, ఆర్సెనిక్ చెదని చంపుతుంది, క్రోమియం రెండింటినీ కదలనివ్వదు. ఆర్సెనిక్, రాగి రసాయన గుర్తులు కలిపి ఆస్కూ అని పేరు పెట్టారు. సీసీఏ పేరుతో అది ప్రపంచమంతా తిరిగింది. అమెరికాలో కరెంటు స్తంభాలకి ఇప్పటికీ వాడతారు. ఆర్సెనిక్ భయంతో 2003 చివరికల్లా అక్కడ ఇళ్ళ వరండాలకీ పిల్లల ఆటస్థలాలకీ వాడటం మానేశారు. ఆ జాగ్రత్త సరైనదే. కాని ఒక మందు కనిపెట్టినవాడి పేరు ఆయన సొంత భాష పిల్లలకి తెలియకపోవడం మాత్రం నాకు కష్టంగానే ఉంటుంది. కామేశం మందు వేసిన చెక్కని ఎవరైనా పొయ్యిలో పెడుతుంటే మాత్రం ఆపు, ఆ పొగా బూడిదా విషం.

విషం అన్నాను కాబట్టి, అడగకపోయినా ఒక మాట. గట్టి కలప పొడిని క్యాన్సర్ తెప్పించే పదార్థాల మొదటి జాబితాలో పెట్టారు. మీ నాన్నగారు సాండింగ్ మెషిన్ పట్టినప్పుడు ముక్కుకి తువ్వాలు కాదు, మంచి మాస్కు కట్టుకోమను. మాలో సగం మందికి టేకు పొడి పడదు, నాకూ పడదు.

ఇక గుర్తుపట్టడం. నీ బోటనీ పూర్తిగా పనికొచ్చేది ఇక్కడే. దుంగ కొసని పదునైన బ్లేడుతో నున్నగా చెక్కి, కాస్త తడిపి, పది రెట్ల లెన్సు కంటికి ఆనించి చూస్తే ఒక్కో చెక్క ఒక్కో ముగ్గు వేసినట్టు కనిపిస్తుంది. టేకులో ఏటా వాన మొదట్లో పుట్టిన పెద్ద రంధ్రాలు వలయంగా వరస కట్టి ఉంటాయి. అందుకే మన దేశంలో వలయాలు లెక్కపెట్టి పాత వానల చరిత్ర చెప్పడానికి టేకు పనికొస్తుంది, పుణెలోని వాతావరణ సంస్థ వాళ్ళు ఆ పని చేశారు. మామిడి మాను వలయాలు లెక్కపెట్టి వయసు చెప్పేవాణ్ణి నమ్మకు. తాడిచెట్టులోనూ కొబ్బరిలోనూ అయితే వలయాలే ఉండవు. గుగ్గిలం జాతుల్లో జిగురు కాలువలు తెల్లటి చుక్కల వరసలుగా కనిపిస్తాయి. మన దగ్గర ఇప్పుడు ద్వారబంధాలకి మలేషియా సాల్ అని అమ్ముతారు చూడు, పాలకొండ, సాలూరు అడవుల్లో పెరిగే మన గుగ్గిలానికి అది దాయాది, అదే చెట్టు కాదు. ఆ పేరు మీద నాలుగైదు జాతులు వస్తాయి. ఒకటి ఇనుములా ఉంటుంది, ఇంకొకటి మూడేళ్ళకి పుచ్చుతుంది.

ఒకసారి ఒక భవనానికి టేకు సరఫరా చేసిన కాంట్రాక్టరు ముక్కలు పంపించాడు, సర్టిఫికెట్ కావాలని. లెన్సు పెట్టగానే తెలిసిపోయింది. రంగు పూశారు, పైన ఏదో నూనె రాశారు, రంధ్రాల వరస మాత్రం టేకుది కాదు. మైక్రోస్కోపు కింద పెట్టి నిర్ధారించుకుని కాదని రాశాను. తర్వాత పది రోజులు ఫోన్లు. నాకు పైన ఉన్న పెద్దమనిషి ఒకాయన, "కొంచెం మెత్తగా రాయొచ్చు కదండీ" అన్నాడు. రంధ్రాలు మెత్తగా ఉండవు కదా సార్ అన్నాను. ఆ ఏడు నాకు రావాల్సిన ట్రాన్స్‌ఫర్ రాలేదు. కోర్టులో ఎర్రచందనం కేసుల్లో సాక్ష్యం చెప్పేవాళ్ళకి ఇంతకంటే టెన్షన్. నీ సంతకం కింద ఒక మనిషి జైలుకి వెళ్ళొచ్చు, వెళ్ళకపోవచ్చు. అందుకని ఒక్క ముక్క చూసి ఎప్పుడూ రాయకూడదు.

తిత్లీ తుఫాను నీకు గుర్తుండే ఉంటుంది, చిన్నదానివి గాని. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున పలాస దగ్గర తీరం దాటింది. ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు పడుకుండిపోయాయి. నేను వారం తర్వాత వెళ్ళాను, తెలిసిన రైతు పిలిస్తే. దుంగలు పడి ఉన్నాయి, వేటికవే. ఏం చెయ్యమంటారు అని అడిగాడు. నా దగ్గర పుస్తకంలో జవాబు ఉంది. కొబ్బరి మాను బయటి అంచు, అదీ మొదలు వైపు, ఘనపు మీటరుకి 600 కిలోలు దాటి ఉంటుంది, దూలాలకి పనికొస్తుంది. నడుమ భాగం 400 లోపే, బెండు. అంచు చెక్క వేరుగా కోసి, త్వరగా ఆరబెట్టి, మందు పెట్టాలి. ఆలస్యమైతే బూజు పడుతుంది. దుంగలు కుళ్ళితే కొమ్ము పురుగు అందులోనే గుడ్లు పెట్టి, నిలబడ్డ చెట్ల మొవ్వు మీద పడుతుంది. ఇదంతా చెప్పాను. రైతు నన్ను కోత మిల్లుకి తీసుకెళ్ళాడు. మిల్లాయన రంపం చూపించాడు. రెండు కొబ్బరి దుంగలు కోసేసరికి పళ్ళు మొద్దుబారిపోయాయి. దానికి టంగ్‌స్టన్ కార్బైడ్ పళ్ళు కావాలి, ఆయన దగ్గర లేవు, కరెంటు కూడా లేదు. నా సైన్సులో తప్పేమీ లేదు, ఆ రోజు ఆ ఊళ్ళో అది కోతకి రాలేదు, అంతే. చివరికి చాలా దుంగలు గోతుల్లోకీ పొయ్యిల్లోకీ పోయాయి. ఉద్యోగంలో ఉండగా నేను రంపాల గురించి ఇంకొంచెం ఆలోచించాల్సింది. ఈ రంగంలోకి వస్తే చెక్కతో పాటు దాన్ని కోసే రంపం, దాని ధర, మిల్లాయన కష్టం కూడా నేర్చుకో.

నన్ను ఈ దారి పట్టించింది మాత్రం వీణ. బొబ్బిలి పక్కన గొల్లపల్లి ఎప్పుడైనా వెళ్ళావా? రాజాం నుంచి ఎంత దూరం గనక. ఒకే పనస మొద్దులోంచి కుండ, దండి తీసే ఏకండి వీణ అక్కడి పనితనం. చిన్నప్పుడు మా నాన్నతో వెళ్ళి వాకిట్లో కూచుని చూసేవాణ్ణి. బాడితతో పైరూపం తెచ్చి, ఉలితో లోపల తొలుస్తూ పోతారు. కొత్తగా చెక్కిన పనస పసుపు ముద్దలా ఉంటుంది, వెలుతురు తగిలి తగిలి కొన్నేళ్ళకి గోధుమ రంగులోకి దిగుతుంది. ఆ పసుపులో ఉన్నది మోరిన్ అనే రంగు పదార్థం. బౌద్ధ భిక్షువుల వస్త్రాలకి పనస పొట్టుతో రంగు వేసేవారు. ఒక పెద్దాయన తొలుస్తూ తొలుస్తూ ఆగి, గోటితో టక్‌మని కొట్టి వినేవాడు. మళ్ళీ రెండు పొట్టులు తీసి, మళ్ళీ కొట్టి వినేవాడు. ఎప్పుడు ఆపాలో ఎలా తెలుస్తుంది తాతా అని అడిగితే, "అదే సాలంటాది" అన్నాడు.

ఎంఎస్సీలో చదివాక గాని ఆయన ఏం వింటున్నాడో నాకు అర్థం కాలేదు. తీగ మీటినప్పుడు ఆ కంపనం చెక్కలోకి దిగాలి, చెక్క దాన్ని మింగెయ్యకుండా గాలికి అందించాలి. అందుకు చెక్క బరువు తక్కువ, బిగువు ఎక్కువ ఉండాలి. గోడ మందంగా ఉంటే కదలదు, మరీ పల్చనైతే బోలుగా మోగి పగులుతుంది. తేమ ఎక్కువైతే బిగువు తగ్గి, శబ్దం చెక్కలోనే ఆరిపోతుంది. వానాకాలంలో వీణ గొంతు మందగించిందని వాయించేవాళ్ళు అనేది ఉత్తి అనుమానం కాదు. ఇరవై నాలుగు మెట్లూ మైనంలో నిలబెట్టి, నాలుగు తీగలూ మూడు తాళపు తీగలూ బిగించాక తప్పు తెలిస్తే చేసేదేమీ లేదు. కాబట్టి ఆయన ముందే, గోటితో, ప్రతి రెండు పొట్టులకీ పరీక్ష చేస్తున్నాడన్నమాట. లావుపాటి పనస మానులు దొరకడం ఏటేటా కష్టమవుతోందని అక్కడివాళ్ళు చెబుతుంటారు. పనసకి బదులు ఏది, అతుకు వేస్తే ఎంత నష్టం అన్నది నీ తరం వాళ్ళు కూచుని కొలవాల్సిన పని. నాకు ఓపిక ఉండి ఉంటే అదే చేసేవాణ్ణి.

సరే, తిండి సంగతి. డెహ్రాడూన్ సంస్థ 1906 నాటిది, ఇప్పుడు డీమ్డ్ యూనివర్సిటీ కూడా. అక్కడ వుడ్ సైన్స్ అండ్ టెక్నాలజీలో రెండేళ్ళ ఎంఎస్సీ ఉంది.  అర్హత, పరీక్ష పద్ధతి ఆ ఏటి నోటిఫికేషన్‌లోనే చూసుకో, సీనియర్లు చెప్పిన మాట మీద ఆధారపడకు. బెంగళూరు మల్లేశ్వరంలో కలప పరిశోధన సంస్థ ఉంది, మనకి దగ్గర, పీహెచ్‌డీకి మంచి చోటు. ఎంఎస్సీ అవగానే సైంటిస్టు అయిపోరు. ముందు ప్రాజెక్టు ఫెలోగా కాంట్రాక్టు మీద కొన్నేళ్ళు పనిచేయాలి. ప్రాజెక్టు అయిపోతే జీతం ఆగుతుంది, ఇంకోటి వెతుక్కోవాలి. పర్మనెంటు పోస్టుకి, అంటే సైంటిస్ట్ బి, మూల వేతనం ఏడో పే కమిషన్ లెక్కలో 56,100తో మొదలవుతుంది. అది మంచి జీతమే గాని పోస్టులు వేళ్ళ మీద లెక్కపెట్టుకోవాలి, నోటిఫికేషన్ల మధ్య ఏళ్ళు గడుస్తాయి. నాతో చదివిన వాళ్ళలో ఎక్కువ మంది ప్రైవేటుకే వెళ్ళారు. హర్యానాలో యమునానగర్, కేరళలో పెరుంబావూరు ప్లైవుడ్‌కి పేరున్న ఊళ్ళు. అక్కడ జిగురు పట్టిందా లేదా, తేమ ఎంత, పలక ఎక్కడ పొరలు విడిపోతోంది అనేవి చూసే మనిషి కావాలి. ఫర్నిచరు కంపెనీలు, కాగితం మిల్లులు, కలప దిగుమతిదారులు కూడా తీసుకుంటారు. మన భోగాపురం, పూసపాటిరేగ వైపు సరుగుడు, జామాయిల్ వేసిన రైతుల కర్ర చివరికి ఎక్కడికి వెళుతుందో వాకబు చెయ్యి, ఆ దారిలో కూడా ఉద్యోగాలు కనిపిస్తాయి.

ఆడపిల్లకి కుదురుతుందా అని నువ్వు అడగలేదు, ఇంట్లో అడుగుతారు. మా లేబొరేటరీలో చెక్కని సన్నటి పొరగా, వెంట్రుకలో మూడో వంతు మందానికి కోసి గాజు పలక మీద అతికించడంలో అందరికంటే చెయ్యి తిరిగిన మనిషి ఆడమనిషే. హిందీ మాత్రం ఇప్పట్నుంచే మొదలుపెట్టు. డెహ్రాడూన్ చలికి మొదటి డిసెంబరులో ఏడుపొస్తుంది, నాకూ వచ్చింది. ఊరమిరపకాయలు ఒక డబ్బా పట్టుకెళ్ళు.

చేరాలా వద్దా అన్నది నేను చెప్పను గాని, నీకు ఈ పని పడుతుందో లేదో తెలుసుకోవడానికి నాలుగు నెలల పని చెప్తాను. పది రెట్ల చేతి లెన్సు కొనుక్కో, నగల షాపులవాళ్ళు వాడేలాంటిది, కొన్ని వందల్లో వస్తుంది. నాన్నగారి పని దగ్గర పడేసే ముక్కల్లోంచి టేకు, వేప, మద్ది, పనస, మామిడి ఏరి పెట్టుకో. కొసలు బ్లేడుతో నున్నగా కోసి, ఒక్కోటీ ఎలా కనబడుతుందో పుస్తకంలో బొమ్మ వేసుకో. ఫొటో వద్దు, బొమ్మే. పేరు దాచేసి మళ్ళీ గుర్తుపట్టగలవేమో చూసుకో. ఇంకొకటి, ఎక్కడైనా పనస కొట్టినప్పుడు పచ్చి ముక్క ఒకటి, చేతికి పట్టేంత, తెచ్చి రెండు కొసలకీ మైనం పూసి నీడలో పెట్టు. ప్రతి ఆదివారం వంటింటి తూకం మీద తూచి తేదీతో రాయి, స్కేలుతో వెడల్పు రెండు వైపులా కొలిచి రాయి. మొదటి వారాల్లో బరువు పడుతూ వెడల్పు కదలకపోతే కంగారు పడకు, ఎందుకో పైన చెప్పాను. వెడల్పు మొదటిసారి ఏ ఆదివారం తగ్గిందో ఆ తేదీ నాకు రాసి పంపు. తూచే ముందు నాన్నగారిని ఆ ముక్క ఎత్తి చూసి ఎంత ఆరిందో చెప్పమను, ఆయన చెప్పింది కూడా పక్కన ఒక గడిలో రాయి.